ఎడ్లబండి చక్రము, అది నడచిన బాట

వ్యవసాయ వస్తువుల ప్రదర్శనశాలలో నాగలి, గొర్రు, గుంటక, మోటబొక్కెన, గరిసె, కుంచము, మానిక మొదలైనవన్నీ వరుసగా పెట్టి ఉంటాయి. చూడవచ్చినవారు వాటిని ఒక్కొక్కటిగా దాటిపోతూ, ఎడ్లబండి దగ్గరకు వచ్చేసరికి తప్పక ఆగుతారు. పిల్లలు ఎక్కబోతారు. పెద్దలు చక్రము మీద చేయి వేసి చూస్తారు. ఆ చక్రము ఇంచుమించు మనిషి రొమ్ము ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు ఎందుకు? ఎత్తు అంత ఉండి వెడల్పు నాలుగు వేళ్ళకు మించకపోవడమేమి? చెక్క చక్రమునకు ఇనుప కట్టు ఎందుకు? ఈ ప్రశ్నలకు జవాబు బండిలో లేదు, అది నడచిన బాటలో ఉన్నది. నాగలిని అర్థము చేసుకోవాలంటే నేలను ఎరిగి ఉండాలి. అలాగే చక్రమును అర్థము చేసుకోవాలంటే బాటను ఎరిగి ఉండాలి. ప్రదర్శనశాలల వారు బండిని దాచిపెడుతున్నారు గాని బాటను దాచిపెట్టడము లేదు.

కాబట్టి ఒక బాటను తీసుకొని చూద్దాము. వరంగల్లు నుంచి ములుగు పోయే దారిలో ఆత్మకూరు వద్ద ఒక రోడ్డు చీలి పరకాల, చెల్పూరు, భూపాలపల్లి, మహాదేవపూరు మీదుగా కాళేశ్వరము చేరుతుంది. అక్కడ గోదావరిని దాటి సిరొంచ, గడ్చిరోలి మీదుగా మహారాష్ట్రలోని సాకోలి దాకా పోతుంది. దీనికి ఇప్పుడు 353-సి సంఖ్య గల జాతీయ రహదారి అని పేరు. చెల్పూరు గణపురం మండలములోని గ్రామము. కాకతీయుల కాలపు కోటగుళ్ళు, గణపురం చెరువు ఆ చుట్టుపక్కలనే ఉన్నాయి. కాకతీయ తాప విద్యుత్ కేంద్రము చెల్పూరు వద్దనే వెలసింది. 500 మెగావాట్ల మొదటి యంత్రము 2010లో, 600 మెగావాట్ల రెండవ యంత్రము 2016లో పనిలోకి వచ్చాయి. భూపాలపల్లి బొగ్గు లారీలు, బూడిద లారీలు, బస్సులు ఈ బాట మీద రాత్రింబగళ్ళు తిరుగుతాయి. ఎడ్లబండి ఎప్పుడైనా ఒకటి కనబడితే అది రోడ్డు అంచున, మట్టి మీద పోతూ ఉంటుంది. అది అంచుకు ఎందుకు పోవలసి వచ్చిందో చెప్పడమే ఈ వ్యాసము పని.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మన దేశములో సరకులన్నీ అనాదిగా బండ్ల మీదనే దూరదేశాలు పోయేవని చాలామంది అనుకుంటారు. అది నిజము కాదు. పదిహేడవ శతాబ్దిలో గోల్కొండ రాజ్యములో తిరిగిన టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు, గోల్కొండ నుంచి మచిలీపట్టణము పోయే దారిలో బండ్లు నడవవని వ్రాశాడు. కొండలు, చెరువులు, ఏరులు అడుగడుగునా అడ్డము. అంత పేరున్న దారి గతే అదైతే, అడవుల నడుమ గోదావరి వైపు పోయే దారి సంగతి ఊహించుకోవచ్చు. దూరము పోయే ధాన్యము, ఉప్పు ఎడ్ల వీపుల మీద పోయేవి. లంబాడీలు వందల కొలది ఎడ్లకు గోనెలు వేసి తోలుకుపోయేవారు. పెరికె ఎద్దు అని మనము అనేది ఈ ఎద్దునే. ఎద్దుకు బాట అక్కరలేదు, కాలిదారి చాలు. బండి మాత్రము ఊరికి, పొలానికి, పక్క సంతకు మధ్య తిరిగేది. ఎరువు తోలడము, మోపులు తేవడము, పెండ్లికి, జాతరకు పోవడము దాని పనులు. మేడారము జాతరకు అడవి దారిన బండ్లు కట్టుకొని పోవడము మొన్నమొన్నటి దాకా ఈ ప్రాంతమున సర్వసాధారణము.

అలా తిరిగిన బండ్ల బాట ఎవరూ వేసినది కాదు, చక్రాలే కోసినది. మొదట పోయిన బండి నేలమీద రెండు గీతలు గీస్తుంది. తరువాతి బండి ఆ గీతలలోనే పోతుంది, ఏలననగా నలిగిన నేల మీద లాగడము సులువు. పది వానలకు, నూరు బండ్లకు అవి రెండు లోతైన కాలువలు అవుతాయి. వీటినే గాడి అంటారు. పని గాడిలో పడినదని, మనిషి గాడి తప్పినాడని మనము అనే మాట ఇక్కడిదే. గాడిలో పడిన బండి పక్కకు తిరగలేదు, కాబట్టి ఒక ప్రాంతములోని బండ్లన్నిటికీ చక్రాల మధ్య దూరము ఒకటిగా ఉండవలసిందే. వడ్రంగి ఇరుసు కొలత తన ఇష్టము వచ్చినట్లు మార్చడానికి వీలులేదు. ఒక కొలతకు ఒక దేశములోని వాహనాలన్నీ కట్టుబడి ఉండడము రైలు పట్టాలతో మొదలైనదనుకుంటాము. మన గాడికి ఆ నియమము అంతకు చాలా ముందే ఉన్నది.

ఇక చక్రము ఎత్తు సంగతి. దారిలో ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తున్న రాయి ఒకటి అడ్డముగా ఉన్నదనుకోండి. ఒక చక్రము మీద 500 కిలోగ్రాముల బరువు పడుతున్నది. చక్రము వ్యాసము ఒకటిన్నర మీటర్లైతే, దానిని ఆ రాయి మీదికి ఎక్కించడానికి సుమారు 240 కిలోగ్రాముల లాగుడు కావాలి. వ్యాసము 60 సెంటీమీటర్లైతే అదే పనికి సుమారు 440 కిలోగ్రాముల లాగుడు కావాలి. ఇది తులాదండ సూత్రము తప్ప మరేమీ కాదు. చక్రము పెద్దదైన కొద్దీ దాని కేంద్రము రాయి కన్న బాగా ఎత్తున ఉండి, ఎద్దుల లాగుడుకు పొడవైన చేయి దొరుకుతుంది. రాళ్ళు, గతుకులు, పొలము గట్లు గల బాట మీద చిన్న చక్రపు బండికి రెండు జతల ఎడ్లు కట్టవలసివస్తుంది. పెద్ద చక్రముంటే ఒక జతే చాలు. వడ్రంగికి ఈ లెక్క తెలియకపోవచ్చు గాని లెక్క చెప్పే ఫలితము తెలుసు.

చక్రము నిర్మాణము ఇంకా చక్కనిది. నడుమ ఉండే కుండలో ఆకులను దిగగొడతారు. ఆకుల కొనలకు వంపు తిరిగిన పూటీలను తొడుగుతారు. పూటీకి రెండు ఆకుల చొప్పున 6 పూటీలు, 12 ఆకులు గల చక్రము సాధారణముగా కనిపించేది. మూడింటికీ ఒకే కర్ర వాడితే పనికిరాదు. కుండకు చుట్టూ తొలులు పడతాయి గనుక పగలని కర్ర కావాలి. ఆకు నిలువు బరువు మోయాలి. పూటీ రాపిడికి ఓర్చుకోవాలి. తుమ్మ, నల్లమద్ది, చండ్ర, టేకు ఇవన్నీ చెల్పూరు చుట్టుపట్ల అడవులలోను, చెలకల గట్ల మీదను పెరిగేవే. ఏ కర్రను ఏ భాగానికి, ఎన్నాళ్ళు ఆరబెట్టి వాడాలో తెలిసినవాడే మంచి వడ్రంగి.

ఇవన్నీ ఒక్కటిగా పట్టి ఉంచేది మేకు కాదు, జిగురు కాదు. చక్రము మీద బిగించిన ఇనుప కట్టు. ఒకటిన్నర మీటర్ల వ్యాసము గల చక్రపు చుట్టుకొలత సుమారు 4 మీటర్ల 71 సెంటీమీటర్లు. కమ్మరి కట్టును దానికన్న రెండు సెంటీమీటర్లు తక్కువగా అతుకుతాడు. తరువాత దానిని నేలమీద పరచి, చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తాడు. ఇనుము ఒక డిగ్రీ వేడికి తన పొడవులో లక్షకు 1.2 వంతు పెరుగుతుంది. 500 డిగ్రీల వేడి ఎక్కితే ఆ కట్టు 2.8 సెంటీమీటర్లు పెరుగుతుంది. అప్పుడు దానిని పట్టకారులతో ఎత్తి చక్రము మీద వేస్తే సులువుగా కూర్చుంటుంది. వెంటనే నీళ్ళు గుమ్మరిస్తారు. ఆవిరి బుస్సున లేస్తుంది, కర్ర కాస్త కమురుతుంది, కట్టు కుదించుకొని పూటీలను ఆకుల మీదికి, ఆకులను కుండలోకి నొక్కుతుంది. కీళ్ళు కరకరలాడుతూ బిగుసుకోవడము వినిపిస్తుంది. పాఠ్యపుస్తకాలలో ఘనపదార్థాల వ్యాకోచమునకు బంతి, వలయము ప్రయోగము చూపిస్తారు. ఆ ప్రయోగము మన ఊళ్ళలో వేల సార్లు జరిగింది.

ఇరుసుకు, కుండకు మధ్య రాపిడి తగ్గించడానికి కందెన వేస్తారు. కాల్చిన గడ్డి మసిని ఆముదములో కలిపి చేసినది ఇది. ఆముదము జారుడు తేలికగా పోదు, ఎండకు మరీ పలచబడదు. మసిలోని కర్బన రేణువులు లోహాల మధ్య పొరలాగ పరచుకుంటాయి. ఈనాటి గ్రాఫైటు కందెనలకు ఇది నాటు అన్నగారు. తెలంగాణపు చెలకలలో ఆముదము విరివిగా పండేది గనుక బండికి కావలసిన నూనె రైతు చేనులోనే ఉండేది. బండి కింద వేలాడే వెదురు గొట్టములో ఈ కందెన ఉంటుంది. ప్రదర్శనశాలలలోని బండ్లకు ఆ గొట్టము చాలా సార్లు కనిపించదు. బండిని తెచ్చినవారు దానిని పనికిరాని వస్తువనుకొని పారవేసి ఉంటారు!

ఈ గాడి, ఈ చక్రము ఒకదానికొకటి సరిపోయి సుఖముగా ఉన్న కాలములో రైలు వచ్చింది. నైజాము రైలుమార్గము 1886 నాటికి వరంగల్లు చేరి, 1889లో బెజవాడ దాకా పోయింది. జనగామ, మహబూబాబాదు ఆ దారి మీద స్టేషన్లు అయ్యాయి. ఒక ఘనపురం రైలుకు దగ్గర పడి స్టేషన్ ఘనపూర్ అనిపించుకుంది. చెల్పూరు పక్కనున్న ఘనపురము మాత్రము ములుగు ఘనపురముగానే ఉండిపోయింది. 1929లో కాజీపేట–బల్హార్షా మార్గము పూర్తి అయినప్పుడు కూడ రైలు జమ్మికుంట, పెద్దపల్లి వైపుగా పోయింది. భూపాలపల్లి ప్రాంతము రెండు పట్టాలకూ దూరముగా మిగిలింది. జనగామకు, మహబూబాబాదుకు రైలు, బాట రెండూ దొరికాయి. చెల్పూరుకు బాట ఒక్కటే గతి.

రైలు వస్తే బండ్లు తగ్గుతాయనుకుంటాము. జరిగింది దానికి తలకిందులు. దూరపు రవాణా రైలు తీసుకున్నది గాని స్టేషను దాకా ధాన్యము, పత్తి చేర్చవలసింది బండే. పెరికె ఎద్దు మాయమైంది, బండ్లు పెరిగాయి. భూపాలపల్లి నుంచి వరంగల్లుకు దాదాపు 70 కిలోమీటర్లు. గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడిచే ఎద్దులకు అది మూడు మజిలీలు. ఇన్ని బండ్లు ఒకే బాట మీద పడేసరికి గాడి పనికిరాలేదు, కంకర రోడ్డు కావలసివచ్చింది.

కంకర రోడ్డు శాస్త్రము స్కాట్లండు దేశస్థుడైన జాన్ లౌడన్ మెకాడమ్ (1756–1836) చెప్పినది. ఆయన చెప్పింది రెండే మాటలు. ఒకటి, కింది మట్టి పొడిగా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది, కనుక రోడ్డును పక్క నేల కన్న ఎత్తు చేసి నీరు నిలవనీయవద్దు. రెండు, పైన వేసే రాయి చిన్నదిగా, కోణాలు కలదిగా ఉండాలి. ఎంత చిన్నదిగా? బండి చక్రపు ఇనుప కట్టు వెడల్పు కన్న బాగా చిన్నదిగా. పెద్ద రాయి మీద చక్రము ఎక్కితే దానిని ఒక మూల నొక్కి పెకలిస్తుంది. చిన్న రాళ్ళైతే ఒకేసారి కొన్నిటిని నొక్కి ఒకదానిలో ఒకటి బిగిస్తుంది. అంటే మెకాడమ్ తన రోడ్డు కొలతను బండి చక్రము నుంచే తీసుకున్నాడు. అంతే కాదు, ఇనుప కట్టు కింద నలిగిన రాతిపొడి వానకు తడిసి సందులలో దిగి సున్నములాగ పట్టేది. బండ్లు నడిచిన కొద్దీ రోడ్డు గట్టిపడేది. చక్రము, రోడ్డు మళ్ళీ ఒద్దికగా కాపురము చేశాయి.

దానిని చెడగొట్టింది రబ్బరు. డన్లప్ 1888లో గాలి టైరును తయారుచేశాడు. మన ప్రాంతములో 1932లో నైజాము రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. రబ్బరు టైరు రాయిని నలపదు, కాబట్టి కొత్త పొడి పుట్టదు. పైగా వేగముగా దొర్లే టైరు వెనుక గాలి పీల్చినట్లై ఉన్న పొడిని ఎగరగొడుతుంది. బస్సు వెనుక లేచే ఎర్రని దుమ్ము నిజానికి రోడ్డు ప్రాణము. అది పోతే కంకర కదలి విడిపోతుంది. దుమ్ముకు బదులుగా రాళ్ళను పట్టి ఉంచే మరొక జిగురు కావలసివచ్చింది. అదే తారు. బొగ్గు నుంచి వచ్చే అసలు తారును ఇప్పుడు వాడరు. మనము తారు అని పిలిచేది పెట్రోలియము శుద్ధి చేయగా అడుగున మిగిలే బిట్యుమెన్. పేరు మాత్రము పాతదే నిలిచింది.

తారు రోడ్డుకు ఇనుప కట్టు బద్ధశత్రువు. లెక్క చూడండి. ఒక చక్రము మీద 500 కిలోల బరువు. కట్టు వెడల్పు 5 సెంటీమీటర్లు. గట్టి రోడ్డు మీద అది ఆనుకొనే పొడవు రెండు సెంటీమీటర్లనుకుందాము. వైశాల్యము 10 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి చదరపు సెంటీమీటరు మీద 50 కిలోల పీడనము పడుతుంది. పది టన్నుల లారీ టైరులో ఉండే గాలి పీడనము ఏడెనిమిది కిలోలు మాత్రమే. అంటే బరువులో లారీకి పదవవంతైనా కాని బండి, పీడనములో దానికి ఆరింతలు! దీనికి తోడు కుండ అరిగిన చక్రము అటూ ఇటూ ఊగుతుంది. కట్టు అంచులు అరిగి గుండ్రమవుతాయి. అప్పుడు ఆనుకొనే చోటు ఇంకా తగ్గుతుంది. మన వేసవిలో రోడ్డు పైభాగము 60 డిగ్రీలు దాటుతుంది. సాధారణపు బిట్యుమెన్ 50 డిగ్రీల దగ్గరనే మెత్తబడుతుంది. మధ్యాహ్నపు ఎండలో పోయిన బండి తారును కత్తితో గీసినట్లు గీస్తుంది. ఆ గీతలో మొదటి వాన నీరు దిగుతుంది.

1943లో నాగపూరులో సమావేశమైన దేశపు ముఖ్య ఇంజనీర్లు రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రహదారులుగా విభజించి పథకము వేసినప్పుడు దేశములో తిరిగే వాహనాలలో అధికభాగము ఎడ్లబండ్లే. ఐనా రోడ్డు మోటారు కోసమే వేశారు. బండి చక్రాలు పోయే చోట మాత్రము సిమెంటు పట్టీలు వేసి చూచిన ప్రయత్నాలు జరిగాయి, కాని విస్తరించలేదు. బండికి రబ్బరు టైర్లు తొడగడము మేలైన ఉపాయము. టైరుబండి అదే ఎడ్లతో దాదాపు రెట్టింపు బరువు లాగించగలదు. చిన్న చక్రమైనా గాలి టైరు రాయిని తనలో అణచుకొని పోతుంది గనుక పైన చెప్పిన తులాదండపు లెక్క దానికి వర్తించదు. ఐతే టైరు ఖరీదు వడ్రంగి చక్రానికి ఎన్నో రెట్లు. పొలము దారిలో తుమ్మముల్లు గుచ్చుకుంటే బాగుచేసేవాడు ఊళ్ళో లేడు. అందుచేత పేదరైతు పాత చక్రముతోనే ఉండిపోయి రోడ్డు అంచుకు జరిగాడు. రోడ్డును పాడుచేసేవాడన్న నింద కూడ అతని మీదనే పడింది. ఇది న్యాయమనిపించదు. చక్రము మారలేదు, దాని కిందనుంచి బాటను మార్చివేశారు.

ఈ కథ ముగియలేదని చెప్పడానికి ఈ ప్రాంతపు వరినాట్ల కాలము చాలు. ట్రాక్టరుకు దమ్ము చేయడానికి తొడిగే ఇనుప కేజివీల్స్‌ను విప్పకుండానే ఒక మడి నుంచి మరొక మడికి తారు రోడ్డు మీద నడుపుతుంటారు. రోడ్డు మీద వరుసగా గాట్లు పడతాయి. అధికారులు జరిమానాలు వేస్తారు. బురదలో దిగబడకుండా ఉండడానికి చేసిన పలుచని ఇనుప పట్టీలు గట్టినేల మీద ఎంత పీడనము కలిగిస్తాయో పాఠకులు పై లెక్క ప్రకారము తామే కట్టుకోవచ్చు.

బొగ్గు లారీ చేసే కీడు వేరు రకము. అది పైపొరను కోయదు, అడుగును కుంగదీస్తుంది. 1958–1960 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రములో ప్రత్యేకముగా రోడ్లు వేసి, వాటిమీద లారీలను పగలూ రాత్రీ తిప్పి ఒక సంగతి కనిపెట్టారు. ఇరుసు మీది బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టము రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు. అంటే నష్టము బరువు నాల్గవ ఘాతమును అనుసరిస్తుంది. మన దేశములో నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నులుగా ఉన్న అనుమతిని 2018లో 11.5 టన్నులు చేశారు. బరువు నూటికి 13 వంతులు పెరిగితే నష్టము నూటికి 60 వంతులు పెరుగుతుంది. అధికభారము వేసుకొన్న లారీ మాట చెప్పనక్కరలేదు. కింద రేగడి నేల ఉన్నచోట సంగతి ఇంకా చిక్కు. వానకు ఉబ్బి, ఎండకు పగిలే ఆ మట్టి మీద ఏ పొరా నిలకడగా ఉండదు. అలాంటిచోట మొరము గాని, విద్యుత్ కేంద్రాల బూడిద గాని పోసి కట్ట ఎత్తుతారు. బూడిద తేలికైనది, సున్నము కలిస్తే గట్టిపడుతుంది. తాప విద్యుత్ కేంద్రాల సమీపములో ఇలాంటి పనులకు బూడిదనే వాడాలని కేంద్రప్రభుత్వము 1999 నుంచి ఉత్తర్వులు ఇస్తున్నది.

ఇప్పుడు ప్రదర్శనశాలకు తిరిగివద్దాము. స్వీడన్ దేశములో ఆర్తూర్ హజేలియస్ 1891లో స్కాన్సెన్ అనే ఆరుబయలు ప్రదర్శనశాలను తెరచి, పల్లె ఇండ్లను విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టాడు. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయము 1951లో పల్లె జీవితానికి ప్రత్యేకముగా ఒక ప్రదర్శనశాల పెట్టింది. మన దేశములో 2004లో ఢిల్లీలోని పూసా ఆవరణలో జాతీయ వ్యవసాయ విజ్ఞాన ప్రదర్శనశాల వెలసింది. వరంగల్లు పాత జిల్లా నుంచి 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో ఏ పాఠశాలవారైనా, పంచాయతీవారైనా ఇలాంటిది చిన్న ఎత్తున చేయదలిస్తే బండి దొరకడము ఇంకా కష్టము కాదు. పశువుల కొట్టము వెనుక చెదలు తింటున్న చక్రాలు ఉన్నాయి. వంటచెరకుగా పోకముందే తెచ్చుకోవాలి. దానితోపాటు ముందుగా చేయవలసిన పని కొలతలు తీయడము. కట్టు వెడల్పు అంచుల దగ్గర ఎంత, నడుమ ఎంత, కుండ తొలి ఎంత అరిగింది, రెండు చక్రాల మధ్య దూరమెంత, ఏ భాగము ఏ కర్ర. ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పగల వడ్రంగులు ఎనభై ఏండ్ల వారు. వారు వాడే మాటలను వారి నోటనే రికార్డు చేసుకోవాలి, ఊరూరికీ పేర్లు మారుతాయి.

బండి పక్కన నాలుగు గాజుపెట్టెలలో నాలుగు బాటల కోతలు పెట్టవచ్చు. గాడి పడిన చెలక మట్టి, మెకాడమ్ కంకర, తారు పొర, బూడిద కట్ట మీద వేసిన ఈనాటి రహదారి. వీటికి పెద్ద ఖర్చు ఉండదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పక్కన తవ్విన గోతిలో ఈ పొరలన్నీ ఒకదానిమీద ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. కూలీలు వాటిని పూడ్చేలోగా ఒక నిలువు కోత తీసుకుంటే చాలు.

ఇక బండిని నిలిపే పద్ధతి. కర్ర గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, ఎండుతుంది. ఇనుము అలా చేయదు. అందుకే వేసవిలో కట్టు వదులై జారిపోతుంది. రైతు చక్రమును చెరువులో నానవేయడము దీనికే. చల్లని యంత్రములు పెట్టిన పొడి గదిలో ఉంచిన చక్రము కొద్ది సంవత్సరాలలో తనంతట తానే ఊడిపోతుంది. కాబట్టి గాలి ఆడే వసారా, చెదలు రాని రాతి నేల, వానజల్లు తగలని చూరు ఉండాలి. గదిలోనే పెట్టవలసివస్తే తేమ నూటికి 50–60 వంతుల మధ్య ఎప్పుడూ ఒకే తీరుగా ఉంచాలి. ఏండ్ల తరబడి కదలక నిలిచిన చక్రములో బరువంతా కింది రెండు ఆకుల మీదనే పడి కీలు వదులవుతుంది. ఇరుసు కింద రెండు కర్ర దిమ్మలు పెట్టి చక్రాలను నేలకు వేలెడు ఎత్తున ఉంచి, నెలకొకసారి చేతితో పావు చుట్టు తిప్పాలి.